జిన్నింగు జాగాలో బాగు

బాగులో, అదే కొత్త పార్కులో, నీళ్ల పైపు ఇంకా పడలేదు. గోదావరి నుంచి బిందెతో మోసుకొచ్చి పచ్చికకు పోయాలి. మోసేది నేను. తోట చూసే మాలీ కొలువు మాత్రం నా మొగుడు మారోతిది. నాందేడ్ మునిసిపాలిటీ వాళ్లిచ్చిన ఖాకీ చొక్కా తొడుక్కుని గట్టు మీద నిలబడి, ఎటు పోయాలో చేత్తో చూపిస్తుంటాడు.

నిరుటి దాకా ఇక్కడ పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు ఉండేది. ఒడ్డంతా బొగ్గు బూడిద, తుప్పు రేకులు, నూనె జిడ్డు. స్నానానికి కూడా ఎవరూ ఈ వైపు వచ్చేవారు కాదు. కాపురానికి వచ్చిన ఏడు నుంచీ నేను అందులోనే ముక్కుకు కొంగు కట్టుకుని, దగ్గుకుంటూ పత్తి ఏరాను. డెబ్బైరెండు కరువులో కూడా నడిచిన మిషన్లను మిల్లు సేటు ఒకనాడు ఆపేశాడు. మునిసిపాలిటీ ఆ జాగా తీసుకుని, ఊరందరూ వచ్చి కూర్చునే బాగు చేస్తామంది. మొగవాళ్లలో కొందరికి కొలువులిచ్చింది. ఆడవాళ్లం సీజన్‌కు వచ్చిపోయే మనుషులమట, మమ్మల్నెవరూ అడగలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంటికొచ్చి గిన్నెలు తోమాను.

మొన్నామధ్య మునిసిపాలిటీ ఓవర్సీరు శంకర్రావు వచ్చాడు. పిల్లల ఉయ్యాలల వైపు కలుపు తీయడానికి ఒక ఆడమనిషిని కొలువులోకి తీసుకోవాలనుకుంటున్నామని మారోతితో మరాఠీలో అన్నాడు. నెత్తి మీద బిందెతో పక్కనే ఉన్నాను. ఆ కొలువు నాకిమ్మని అడగడానికి నేను నోరు తెరిచేలోపే మారోతి చేతులు కట్టుకున్నాడు.

"వేరే మనిషెందుకు సాయెబ్? మా ఆడామె ఉన్నది గద, చేస్తది."

ఓవర్సీరు సంతోషపడి మారోతి వీపు తట్టాడు. నా వైపు చూడనైనా లేదు.

ఆ రాత్రి అన్నం పెడుతూ, జీతం లేకుండా నేనెందుకు చేయాలని అడిగితే, నేను అడుగుతున్నదేమిటో మారోతికి అర్థమే కాలేదు. చెడ్డవాడు కాదు, అదే నా చిక్కు. బిలోలి దగ్గర మా ఊళ్లో మొగవాడు పటేలు దగ్గర జీతానికి కుదిరితే, పెళ్లాం పటేలు వాకిలి ఊడ్చి పేడ ఎత్తాల్సిందే. ఆ పనికి వేరే కూలి ఉండదు. మా అత్త కాశీబాయి జన్మంతా అట్లాగే చేసింది. "నేనేమన్న అడిగిన్నా బిడ్డా?" అంది కంచంలోంచి తలెత్తకుండా. పటేలు పోయాడు, సేటు పోయాడు, జాగా సర్కారుదైంది, నేను మాత్రం ఇంకా జీతగాడి పెళ్లాన్నే. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. పొయ్యి మీద పప్పు మాడిపోతోంది. ఊడుస్తూ ఊడుస్తూ చీపురు పట్టుకుని నిలబడిపోతున్నాను. ఏం కావాలే నీకు, అని నన్ను నేనే అడుగుతాను. కొలువా? కొలువే. కానీ అదొక్కటే కాదు. ఈ కొత్త సిమెంటు బెంచీల మీద రేపు ఊరివాళ్లు వచ్చి కూర్చుంటారు కదా, వాళ్లలో నేనెందుకు ఉండను?

తెరిచే రోజు దగ్గర పడ్డాక బాగులో పత్తి మొలిచింది. గరిక నాటే ముందు మారోతి పాత పత్తి గోదాం ఊడ్చిన చెత్తంతా తెచ్చి ఎరువుగా చల్లాడు. మా వైపు మిరప తోటలకు అట్లాగే చల్లుతారు. అందులో పత్తి గింజలు ఉంటాయని అతనికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. నేను పోసిన నీళ్లకు గరిక కంటే ముందు అవే లేచి, బాగు కాస్తా పత్తి చేనైపోయింది. నాకు నవ్వొచ్చింది. మారోతికి చెమటలు పట్టాయి. తెల్లారితే బాగు తెరవడానికి పెద్దవాళ్లు వస్తారు, ఈ సాయంత్రమే ఓవర్సీరు చూడ్డానికి వస్తానన్నాడు.

"నీళ్లు ఎక్కువ పోసినవ్" అన్నాడు. వెంటనే, "జల్ది పీకు" అన్నాడు.

వంగాను కూడా. ఒళ్లు అలవాటు పడిపోయింది. ఒక మొలక పీకి చేత్తో పట్టుకున్నాక ఇక చాలనిపించింది. భయం లేదని కాదు, భయంతోనే చాలనిపించింది. చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, నది వైపున్న బెంచీ మీద కూర్చున్నాను. గోదావరి అవతలి ఒడ్డు దాకా కనిపించింది. ఇన్నేళ్లు ఈ నదిని బిందె ముంచుకున్నంత మేరే చూశాను.

మారోతి పరుగెత్తుకొచ్చాడు. "ఏందిది? లే. పని ఎవలు చేస్తరు?"

"కొలువు ఎవలదైతే వాళ్లే చేస్తరు. ఇంకో మనిషి కావాల్నంటే సాయెబుకు చెప్పు, సుందరాబాయని నా పేరు రాసుకొమ్మను."

గేటు దగ్గర ఓవర్సీరు సైకిల్ దిగుతున్నాడు. మారోతి గొంతు తగ్గించి బతిమాలాడు.

"సాయెబ్ అచ్చిండు. నువ్విట్ల కూసుంటె చూసి ఏమనుకుంటడే?"

నేను కదల్లేదు.

"ఎవలో ఒకామె బాగు చూడ అచ్చిందనుకుంటడు."