ఆ ఉదయం గాలి

మా ఆయన పోయినప్పటినుంచీ అత్తయ్యది ఒకటే పాట.

"గాలి బాగుందని ఫోన్లోనే ఉంది కదా! మరి నా చిన్నోడు నడకకెళ్ళి ఊపిరాడక ఎందుకు పడిపోయాడు? నువ్వు ఇన్‌హేలర్ జేబులో పెట్టి ఉండవు."

పెట్టాను. నా చేత్తో పెట్టాను. పడినప్పుడు రోడ్డు మీద ఎక్కడ జారిపోయిందో! నేను చెబితే వినిపించుకుంటేగా? పలకరించడానికి వచ్చినవాళ్ళు కూడా నన్ను ఎగాదిగా చూసి పోతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా బావగారు గాలిని కొలిచే ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తారు. మేడల మీద పెట్టిన యంత్రాలు పొగెంతో, దుమ్మెంతో గంటగంటకూ పంపుతాయి. ఆయన ఆ అంకెలు సరిచూసి జనం ఫోన్లకు వదులుతారు. మా ఆయనకు ఉబ్బసం. పొద్దున్నే ఆ అంకె చూసుకోనిదే గడప దాటేవారు కాదు. "అన్నయ్య సరేనన్నాడు, ఇక పీల్చుకోవచ్చు" అని నవ్వేవారు.

తాడో పేడో తేల్చుకుందామని ఆఫీసుకే వెళ్ళాను.

"ఆ పొద్దున గాలి ఎలా ఉందో నిజం చెప్పండి బావగారూ. అత్తయ్య నా ప్రాణాలు తోడేస్తున్నారు."

ఆయన కంప్యూటర్ తెర నావైపు తిప్పారు. తెల్లవారగానే గీత నిట్టనిలువుగా లేచి ఉంది.

"మీ వీధి వెనక చెత్తకుప్ప తగలబడిందమ్మా. అప్పటికి నాకు తెలీదు. అంకె ఒక్కసారిగా అంత ఎగిరితే మేం ముందు యంత్రాన్నే అనుమానిస్తాం. తప్పుడు అంకె వదిలితే ఊరంతా హడలిపోతుంది కదా. అందుకని దాన్ని ఆపేసి, మేడెక్కి గొట్టాలు విప్పి చూశాను. యంత్రం శుభ్రంగా ఉంది. కిందికి దిగేసరికి అమ్మ ఫోను..."

"మరి ఫోన్లో బాగుందని ఉందే?"

"అది ముందు గంటది. కొత్తది నేను ఆపేశాగా. వాడు ఆ పాత అంకె చూసుకునే బయల్దేరాడు."

అంత మనిషీ మొహం చేతుల్లో దాచుకుని భోరుమన్నారు. కడిగిపారేద్దామని నోరు తెరిచాను. కానీ కోపమెంత వచ్చిందో జాలీ అంతే వేసింది.

సాయంత్రం ఆయనే నన్ను ఇంటికి తీసుకొచ్చారు. అత్తయ్య గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏరా పెద్దోడా, ఏం తేలింది?"

"అమ్మా... ఆ రోజు నేను..."

"గాలి బాగానే ఉందట అత్తయ్యా" అనేశాను. "ఇన్‌హేలర్ పెట్టడం నేనే మర్చిపోయాను."

బావగారు బిత్తరపోయి చూశారు. అత్తయ్య నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి, ఆయన భుజం మీద వాలిపోయింది.

"నాకిక నువ్వొక్కడివే ఉన్నావు నాన్నా" అని ఏడ్చింది.