వాసన మీద ఉప్పు

ఆ పొద్దు ఆకాశం తోమని సత్తుగిన్నె అడుగులా ఉంది. సూర్యుడు వచ్చాడో లేదో తెలియదు. కంపెనీల పొగ పైకి పోయే దారి లేక నాచారం ఇళ్ళ మీదే వాలింది. పక్కింటామె కిటికీ రెక్కలు దబదబ మూస్తూ, "థూ! పొద్దుపొద్దుగాల ఏం కంపురా దేవుడా" అంది.

హన్మయ్య తలెత్తి పొగ వైపు చూశాడు. పొగ కనబడింది. మళ్ళీ తల దించుకుని కత్తిపీటకు సాన పట్టడంలో పడ్డాడు.

అరవైకి దగ్గర పడిన మనిషి. మంట సెగకు కనుబొమ్మలు పలచబడ్డాయి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, పాతవాటి మీద కొత్తవి. గంగాళాలు దించీ దించీ కుడి భుజం కిందికి జారింది. చొక్కా ఎప్పుడూ ఆ వైపుకే వేలాడుతుంది. గడప పక్కన రెగ్జిన్ సంచి సర్ది ఉంది. దాని మీద మడతపెట్టిన స్వెట్టరు.

అండాలు నల్లా నీళ్ళ బిందెతో వచ్చింది. బిందె వాకిట్లోనే దించి లోపలికి ఉరికింది. స్టవ్ మీద పాలు అడుగంటి నల్లబడుతున్నాయి.

"పక్కనే పాలు మాడుతుంటే కూసోని..."

మొదలుపెట్టిన మాట మధ్యలోనే మింగేసింది. గిన్నె దించి నీళ్ళలో పెట్టింది. సుయ్‌మన్న చప్పుడు వినబడ్డాక గాని హన్మయ్యకు తెలియలేదు.

"ఇయ్యాలనన్న చెప్పు సారుకు. ఆయన ఏమన్న తింటడా నిన్ను?"

"చెప్తే ఏమైతది?"

"ఇంటికాడ ఉంటవు."

"గదే మరి," అన్నాడు హన్మయ్య. కత్తిపీట అంచును బొటనవేలితో అడ్డంగా తడిమి చూసి గోనెలో చుట్టాడు.

గిరిప్రసాద్ సారుది ఉప్పల్ రింగురోడ్డు పక్కన చిన్న యాత్రల ఆఫీసు. ప్రతి చలికాలం వారం రోజుల యాత్ర ఒకటి వేస్తాడు. ఢిల్లీ, ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ, జైపూర్, చిత్తోడ్, ఉదయపూర్. ఢిల్లీ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. మనవాళ్ళు ఏ బాదుషా కోట చూడబోయినా మధ్యాహ్నానికి పప్పన్నం తగలాల్సిందే. అందుకని గిన్నెలు, పొయ్యిలు, బియ్యం, వంటమనిషి వెంట వెళ్తారు. ఆ వంటమనిషి హన్మయ్య.

అన్ని యాత్రల్లో తాజ్‌మహల్‌ను ఒక్కసారే చూశాడు. ఒక పెద్దాయన మాత్రల డబ్బా బస్సులో మరిచిపోతే ఇవ్వడానికి పరిగెత్తాడు. "ఎట్లుంటదయ్యా?" అని అండాలు అడిగితే చాలాసేపు ఆలోచించి, "తెల్లగుంటది. మిట్టమధ్యాహ్నం గూడ కాళ్ళు కాలవు" అన్నాడు. జనం కోటల్లో తిరిగేటప్పుడు అతను ధర్మశాల పెరట్లోనో, బస్సు నీడలోనో పొయ్యి ముందు ఉండేవాడు. ఆ ఊళ్ళు అతనికి ముక్కుతో తెలుసు. ఆగ్రాలో ధర్మశాల వెనక గుమ్మడికాయ మిఠాయి వండేవాళ్ళు. తెల్లవారకముందే పాకం వాసన గోడ దాటి వచ్చేది. ఆగ్రా అంటే అదే. జైపూర్ సందుల్లో ఆవనూనె కాగే ఘాటు. సిక్రీలో ఒకసారి అకాల వాన పడితే ఎర్రరాయి తడిసి, అచ్చం వాళ్ళ ఊరి పెంకుటిళ్ళ మీద తొలకరి పడ్డట్టే వాసన వచ్చింది. ఆ రోజు పులిహోర కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి కూర్చున్నాడు.

కిందటి యాత్రలో ఉదయపూర్‌లో పులుసు గిన్నె దించుతూ మెట్ల మీద జారాడు. తల వెనక్కి కొట్టుకుంది. ఇంగువ పోపు వాసన, చేతి మీద వేడి, అంతే గుర్తు. కళ్ళు తెరిచాక అన్నీ ఉన్నాయి, వాసన లేదు. ఊరికొచ్చాక దవాఖానాలో డాక్టరు లోపల సన్ననరాలు తెగి ఉంటాయని, వస్తే రావచ్చని, రాకపోవచ్చని చెప్పాడు. వాసన పోయిన సంగతి అండాలుకు తప్ప ఎవరికీ తెలియదు.

"పోయిన తొవ్వలనే దొరుకుతదేమో," అన్నాడొకనాడు హన్మయ్య ఆమెతో. "ఆగ్రాల ఆ గోడ పక్కన పొద్దుగాల నిలవడ్తే..."

అండాలు అతని స్వెట్టరు తీసి దులిపి మడతపెట్టింది.

ఇవాళ సాయంత్రమే సికింద్రాబాదులో రైలు. ఆ రైలెక్కాలంటే ముందు మధ్యాహ్నం గట్టెక్కాలి. బయలుదేరే రోజు అందరినీ నాచారంలో కమ్యూనిటీ హాలుకు పిలిచి భోజనం పెట్టడం గిరిప్రసాద్ పద్ధతి. వంట నచ్చితే ముసలివాళ్ళకు దూరదేశం పోయే ధైర్యం వస్తుందంటాడు. అందుకని అండాలును కూడా సాయానికి తీసుకొస్తానని హన్మయ్య సారుకు చెప్పి ఉంచాడు. పులుసు మరిగేటప్పుడు ఆమె పొయ్యి దగ్గరికి వచ్చి వాసన చూస్తుంది. ఉప్పు సరిపోతే కొంగు భుజం మీదికి లాక్కుంటుంది. తక్కువైతే దగ్గుతుంది. ఈ ఒక్క పూట. తర్వాత తన చెయ్యి తనకు తెలుసు.

ఉప్పల్ మార్కెట్‌కు బిక్షపతితో కలిసి వెళ్ళాడు. బిక్షపతి అండాలు అన్న కొడుకు. గంగాళాలు తోమడంతో మొదలుపెట్టి హన్మయ్య దగ్గరే వంట నేర్చినవాడు. రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు నెత్తి మీద ఇనుపచువ్వలు పెట్టుకుని నిలబడ్డాయి. దుమ్ము కూరగాయల మీద పడుతోంది.

కొత్తిమీర అమ్మే ముసలామె నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంది హన్మన్నా, ముక్కు కాడ పెట్టకుండనే సంచిల ఏస్తున్నవ్? సగం కట్టలు నా మొకాన కొడ్తుంటివి గద!"

"నీ మీద నమ్మకం కుదిరిందిలే."

"ఇన్నేండ్లకా? ఇగ నేను సచ్చుడే!"

పక్కవాళ్ళు నవ్వారు. హన్మయ్య ఒక కట్ట తీసి ముక్కుకు ఆనించాడు. పై పెదవికి చల్లటి నీటిబొట్టు తగిలింది. "మంచిగుంది," అన్నాడు. బిక్షపతి ఆ కట్టను చేతిలోకి తీసుకుని, మామ అటు తిరిగేదాకా ఆగి, తిరిగి గంపలో పెట్టి వేరేది తీసుకున్నాడు. ఆ కట్ట లోపల కుళ్ళి ఉంది.

హాలు వెనక రేకుల కింద పొయ్యిలు వెలిగాయి. ముద్దపప్పు, వంకాయ కూర, సొరకాయ మునక్కాడ ముక్కల పులుసు, పరమాన్నం. పనిలో పడ్డాక హన్మయ్య మనసు కుదుటపడింది. బెల్లం దంచాడు, చింతపండు పిసికాడు. అతని ఉప్పు జాడీ పొయ్యి పక్కనే ఉంది. మెడ దగ్గర పెచ్చు లేచిన పింగాణీ జాడీ. వంట నేర్పిన పంతులు ఇచ్చింది. అన్ని యాత్రలూ తిరిగింది.

యాత్రికులు ఒక్కొక్కరే పెట్టెలతో దిగుతున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరైన జనార్ధనరావు, అతని భార్య కనకమహాలక్ష్మి ముందే వచ్చారు. ఇద్దరూ కాశీయాత్రలో హన్మయ్య చేతి వంట తిన్నవాళ్ళే. జనార్ధనరావు రేకుల కిందికి తొంగిచూశాడు.

"ఏమయ్యా బిక్షపతీ, మేం తిరిగొచ్చేసరికి మీ రాష్ట్రం మీకిచ్చేస్తారట! మమ్మల్ని రైలు దిగనిస్తారా?"

"దిగుర్రి సార్, ఫికర్ జెయ్యకుర్రి. పులుసు వండెటోళ్ళం మేమే గద, మీరు యాడికి పోతరు?"

"దొంగవెధవా!" అని జనార్ధనరావు గట్టిగా నవ్వాడు. హన్మయ్య కూడా నవ్వాడు. పులుసు అప్పుడే పొంగుకొస్తోంది. జాడీ మూత తీశాడు.

"హన్మయ్యా, ఒక్క నిమిషం ఇలా రా!" గిరిప్రసాద్ గొంతు.

హాల్లో అందరి ముందూ నిలబెట్టాడు. "ఎర్రకోట చూపిస్తాను, తాజ్‌మహల్ చూపిస్తాను, అంబర్ కోట, చిత్తోడ్ అన్నీ చూపిస్తాను. అదంతా నా పని. మిమ్మల్ని ఆరోగ్యంగా తిరిగి తీసుకొచ్చేది మాత్రం ఈయన." చప్పట్లు కొట్టారు. కనకమహాలక్ష్మి తన పక్కనున్నావిడతో, "వాసన చూసి ఉప్పు చెబుతాడండీ, నాలిక మీద వేసుకోడు. ఎంగిలి కానివ్వడు" అంది. హన్మయ్య తడి తువ్వాలు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి పులుసు తెర్లుతోంది. జాడీ మూత పక్కన ఉంది. జాడీ తెరిచి ఉంది.

వేశాడా? వేద్దామనుకున్నాడా?

అరచెయ్యి చూసుకున్నాడు. తడి తువ్వాలుకు తుడుచుకున్న చెయ్యి, ఏమీ చెప్పలేదు. గిన్నె మీదికి వంగాడు. ఆవిరి ముఖానికి కొట్టింది. వేడిగా ఉంది. గట్టిగా పీల్చాడు, కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చాడు. వేడినీళ్ళ మీదికి వంగినా అంతే ఉండేది.

అండాలు కోసం చూశాడు. హాలు అవతలి చివర ఆమె నడుం వంచి విస్తళ్ళు వేస్తోంది. ఎవరో ఆమెకు నీళ్ళ జగ్గు అందిస్తున్నారు. అంతమందిలోంచి పిలవాలి. పిలిచి ఏమని చెప్పాలి? బిక్షపతి అన్నం వారుస్తున్నాడు. వాణ్ణి ఒక చుక్క నాలుక మీద వేసుకోమంటే చాలు. కానీ ఒకప్పుడు జైపూర్‌లో వాడు గరిటె అంచు నాకాడని గంగాళం సాంబారు కాలవలో పోయించినవాడు తనే. ఆ రోజు జనమంతా పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. బిక్షపతి గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

"మామా, వడ్డించమంటున్నరు."

హన్మయ్య జాడీలో చెయ్యి పెట్టాడు. ఎప్పుడూ తీసేంత తీశాడు. వేశాడు. కలిపాడు.

అండాలు పరుగున వచ్చేసరికి గిన్నెలు హాల్లోకి పోయాయి. మొగుడి ముఖం చూసి ఆమె గుమ్మంలోనే ఆగింది.

పప్పు దగ్గర హాలంతా గోలగా ఉంది. నెయ్యి ఇటు, వడియాలు అటు, మనవరాలి ఫోను, ఢిల్లీలో చలి. పులుసు వడ్డన మొదలైంది. ఈ చివర ఒక మాట ఆగింది. తర్వాత ఆ చివర. వర్షం వెలిసినట్టు హాలు సద్దుమణిగింది. విస్తళ్ళ మీద వేళ్ళు కదిలే చప్పుడు వినబడింది. పెద్దవాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు. "కాస్త మజ్జిగ" అని ఒకరు. "ఇటూ మజ్జిగ."

కనకమహాలక్ష్మి తలుపు దగ్గరున్న హన్మయ్య వైపు ఒకసారి చూసి, విస్తట్లో ఉన్నదంతా తిన్నది. "బాగుంది హన్మయ్యా," అంది. కాశీలో ఆమె పులుసు అడిగి అడిగి వేయించుకునేది. ఇవాళ మళ్ళీ అడగలేదు.

చేతులు కడుక్కున్నాక గిరిప్రసాద్ రేకుల కిందికి వచ్చాడు. హన్మయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈసారికి నువ్వు ఆగిపో హన్మయ్యా. అక్కడ చలి బాగా ఉందట. తలకి దెబ్బ తగిలిన మనిషివి."

"స్వెట్టరు తెచ్చుకున్న సారూ."

"తెచ్చుకున్నావులే. బిక్షపతి చూసుకుంటాడు. వచ్చే ట్రిప్పుకి చూద్దాం."

"టికెట్టు గూడ అయ్యింది గద సారూ."

"దాని సంగతి నేను చూసుకుంటా."

"పులుసు గిన..."

"అబ్బే, పులుసుకేం! అందరూ తిన్నారుగా." ఆయన పొయ్యి వైపు చూస్తూ అన్నాడు, ముఖం వైపు కాదు.

స్టేషనుకు తీసుకెళ్ళే బస్సు వచ్చింది. యాత్రికులు ఎర్ర టోపీలు పెట్టుకుని ఎక్కారు. బిక్షపతి గంగాళాలు, పొయ్యిలు, బియ్యం మూటలు బస్సు పైకి చేరవేశాడు. ఆఖరుకు మామ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేనడగలే మామా. సారే పొమ్మన్నడు."

"పో. జైపూర్ నీళ్ళకు పప్పు జల్ది ఉడకదు. రాత్రే నానెయ్యి."

"మంచిది."

హన్మయ్య జాడీ మూత బిగించి, రెండు చేతులతో ఎత్తి ముందుకు చాపాడు. బిక్షపతి చేతులు సగం లేచి ఆగాయి.

"ఉప్పు చేతికియ్యకు మామా. కొట్లాటలైతయంటరు. కింద పెట్టు, తీసుకుంట."

హన్మయ్య వంగి జాడీని కింద పెట్టాడు. బయట హారన్ మోగింది. మళ్ళీ మోగింది. "ఒరేయ్ బిక్షపతీ, రైలు మన కోసం ఆగుతుందనుకున్నావా!" గిరిప్రసాద్ కేక. మిగిలిన రెండు గరిటెలు చంకన పెట్టుకుని బిక్షపతి పరిగెత్తాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. బస్సు మలుపు తిరిగే చప్పుడు వినబడింది. తర్వాత అదీ లేదు.

అండాలు హాలు ఊడ్చింది. విస్తళ్ళు బయట పడేసింది. ఎవరూ తాకని రెండు విస్తళ్ళు రేకుల కింద పరిచి, మిగిలిన అన్నం, పులుసు వడ్డించింది. వండినవాడు ఆఖరున తినాలి. హన్మయ్య వచ్చి కూర్చున్నాడు. స్వెట్టరు, సంచి గోడ పక్కన ఉన్నాయి.

పులుసు పోసుకుని కలిపాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

నమలడం ఆగింది. ముక్కుకు పట్టనిది నాలుకకు తెలిసింది. రెండుసార్లూ వేసింది తన చెయ్యే.

అండాలు వైపు చూశాడు. ఆమె తల వంచుకుని తింటోంది. ముద్ద మీద ముద్ద పెట్టుకుంటోంది. పక్కనున్న నీళ్ళ చెంబు వైపు చెయ్యి కూడా చాపలేదు. హన్మయ్య మింగాడు. ఇంకో ముద్ద కలిపాడు. ఇద్దరూ తిన్నారు, విస్తళ్ళు ఖాళీ అయ్యేదాకా.

వాళ్ళిద్దరి నడుమ, దించిన చోటనే, మూత బిగించిన జాడీ ఉంది.