గరిటెల మోత

తరగతులు ఆపి బైఠాయించిన విద్యార్థులకు బఠాణీ సూపు పోసిందని వంటమనిషి ఫ్రావ్ బేంకే చేతిలోంచి క్యాంటీన్ మేనేజరు గరిటె లాక్కున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆమె పట్టిన గరిటె. "ఇంక ఇంటికి పో" అన్నాడు. ఆమె ఏప్రాన్ విప్పింది. పశ్చిమ బెర్లిన్‌లో, అరవై ఎనిమిది వసంతంలో, నా కళ్లతో నేను చూశాను.

ఆ మధ్యాహ్నమే కరపత్రం రాశాను. వేళ్లు నల్లబడేదాకా సైక్లోస్టైల్ మిషన్ తిప్పాను. సాయంత్రం సభలో దాన్ని చదివింది మాత్రం ఎకార్ట్. బెర్లిన్ గోడ లేవకముందే తల్లిని తూర్పున వదిలి ఇటు వచ్చినవాడు. వాడు గొంతెత్తితే హాలు ఊపిరి బిగబడుతుంది. ఫ్రావ్ బేంకే మాకు సూపు పోసిందీ వాడి మాటలు విన్నాకే. ఆమెను పనిలోకి తీసుకునేదాకా తరగతులు లేవని తీర్మానించి, అయిదొందల మంది పిడికిళ్లతో బల్లలు మోగించారు. చప్పట్లకు బదులు మాకు అదే అలవాటు.

రాత నాది, మోత వాడిది. ఆడవాళ్లం టైపు కొట్టాలి, కాఫీ కాచాలి, వాడు వెలిగిపోవాలి.

మర్నాడు పోలీసులొచ్చారు. కరపత్రం చూపించి, ఇది రాసిందెవరని అధికారి అడిగాడు.

"నేనే" అన్నాడు ఎకార్ట్.

నన్ను కాపాడటానికే అన్నాడని తెలుసు. అయినా ఒళ్లు మండింది.

"మోతా నీకే, జైలూ నీకేనా? అది రాసింది నేను."

"నోరు మూసుకో సిగ్రూన్" అన్నాడు మెల్లగా.

"ఇన్నాళ్లూ మూసుకునే ఉన్నాగా."

ఇద్దరికీ బేడీలు వేసి వ్యాను ఎక్కించారు. ఫ్రావ్ బేంకే అడ్డం వచ్చింది. "ఆ పిల్ల రాసింది నా సంగతేనయ్యా. నన్నూ ఎక్కించు" అంది. అధికారి ఆమెను పక్కకు నెట్టి, ఇంటికి పొమ్మన్నాడు.

ఆ మాట క్యాంటీన్ కిటికీలోంచి వంటవాళ్లంతా విన్నారు. నిన్న మేనేజరు ముందు తలొంచుకున్నవాళ్లే ఇవాళ పొయ్యిలు ఆర్పేసి వచ్చి వ్యాను ముందు నిలబడ్డారు. ఒకామె తన గరిటె ఫ్రావ్ బేంకే చేతిలో పెట్టింది. ఫ్రావ్ బేంకే దాంతో వ్యాను రేకు మీద ఒక్క దెబ్బ వేసింది. ఆ వెనక అన్ని గరిటెలూ లేచాయి.

లోపలినుంచి ఎకార్ట్ బేడీల చేతులతో రేకు మోగించడం మొదలుపెట్టాడు. నేనూ మోగించాను, వాడికంటే గట్టిగా.