తోపులో పోసిన పిండి

ఆ ఆవిరి పడవది మాయదారి ఆకలి. రోజంతా చెమటోడ్చి నరికిన కట్టెను ఒక్క పూటలో మింగేసేది. దేవుడి మాట చెబుతానని ఆఫ్రికాలోని షిరే నదిలో ఎదురెక్కి వచ్చిన విట్‌కోమ్ దొర దాన్ని వెంట తెచ్చాడు. దానికి మేత వెయ్యడం మాత్రం మంగాంజ తెగ కట్టెలవాడు మలుంగా మెడకు చుట్టుకుంది.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. జ్వరంతో ఇద్దరు తెల్లవాళ్లు పోయారు. మలుంగా కూతురు, ఐదేళ్ల చిసోమో, పడవలో కళ్లు తెరవకుండా పడి ఉంది. మందు నిండుకుంది. నది సముద్రంలో కలిసేచోట ఆగిన ఓడలో ఉందట, ఆ ఓడ ఇంకా మూడు రోజులే ఉంటుందట. ఒడ్డున ఊళ్లన్నీ బానిసల వేటగాళ్లు తగలబెట్టారు. గింజ అమ్మే మనిషి లేడు, పడవకు వెయ్యడానికి పుల్ల లేదు. మిగిలిందల్లా ఒక్క తోపు, శ్మశానం తోపు. అక్కడ రాలిన కొమ్మను కూడా ఎవరూ ముట్టరు.

తప్పనిసరై నరకాలంటే ముందు చెట్టు మొదట్లో పిండి పోసి, పోయిన పెద్దల్ని అడగాలి. ఉన్న జొన్నపిండి పిడికెడు. బిడ్డ గంజికని దాచింది.

"దయ్యాలకి పోస్తావా? బిడ్డకి పెట్టవయ్యా!" అన్నాడు దొర.

"దయ్యాలేంటి దొరా? మా అమ్మ ఉందక్కడ. అడక్కుండా గొడ్డలేస్తే ఈ బిడ్డనే పట్టుకుపోద్ది."

భార్య నమలెంగా పిండి మూట గుండెకు హత్తుకుంది. "నీకేమన్నా మతి పోయిందా? మందు దాకా బతకద్దూ అది?"

"కట్టె లేకపోతే మందెక్కడిదే? ఇటివ్వు."

లాక్కున్నాడు. చెట్టు మొదట్లో పిండి పోసి, "అమ్మా, నీ మనవరాలి కోసమే" అని ఏడ్చాడు. తర్వాత గొడ్డలి ఎత్తాడు.

మూడో చెట్టు కూలాక వెనక్కి తిరిగి చూశాడు. నమలెంగా మోకాళ్ల మీద కూర్చుని, పోసిన పిండిని మట్టితో సహా గోళ్లతో గీకి కొంగులోకి ఎత్తుకుంటోంది. అమ్మమ్మో! పెద్దలకు పెట్టింది తిరిగి తీసుకోవడమా! అంతకు మించిన పాపం ఆ నేల మీద లేదు.

నమలెంగా తలెత్తింది. "అరువు, మళ్లీ పోస్తానని మీ అమ్మకి చెప్పు" అంది.

మలుంగా గొడ్డలి కింద పెట్టి, తల్లి ఉన్న వైపు చేతులు జోడించాడు.

"అమ్మా, తీసింది అది కాదు, నేను. పట్టుకుపోవాలంటే నన్ను పట్టుకుపో."

ఆ మాట అని, బిడ్డ గంజికి నిప్పు రాజెయ్యడానికి భార్య పక్కన కూర్చున్నాడు.