రెండో దెబ్బ గుండె వైపు

"మన పని వాళ్ళకి అన్నం పెట్టడం. వాళ్ళతో మాటలు పెట్టుకోవడం కాదు," అని మా అత్తగారు పెళ్ళయిన వారానికే చెప్పేశారు. అప్పుడు నా ముందు బస్తాడు వెల్లుల్లి ఉంది, ఒలవడానికి. ఆవిడది భోజనాల బండి. టీవీ సీరియళ్ళ షూటింగు ఎక్కడుంటే అక్కడికి చేరి, వందమందికి వండి వడ్డిస్తాం. బండి నడిపేది మా ఆయన గిజున్. కూరల రుచి అత్తగారిది. మిగతావన్నీ నావి. మిగతావంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. ముల్లంగి తరగడం, స్టీలు పళ్ళాలు తోమడం, వరసలో ఎదురుపడ్డ ప్రతి మొహానికీ నవ్వుతూ సూపు పొయ్యడం, ఏడాది నిండని మా పాప బోమ్‌ని దుప్పటితో వీపుకి కట్టుకుని ఇవన్నీ చెయ్యడం. "ఇంటిమనిషికి జీతమేంటే?" అని అత్తగారు నవ్వుతారు. ముప్ఫయ్యేళ్ళ కిందట ఆవిణ్ణి చూసి వాళ్ళ అత్తగారు కూడా ఇలాగే నవ్వి ఉంటుంది.

నాకు భయాలెక్కువ. బోమ్ నుదురు అరగంటకోసారి తడుముతాను. దగ్గితే ఆవిరి సోకిందేమో, దగ్గకపోతే ఊపిరి ఆడుతోందో లేదో. హైస్కూలు మధ్యలో మానేసినదానికి పిల్లని పెంచడం ఏం తెలుసు అని లోకం అనకముందే నాలోపల నేనే అనేసుకుంటాను. నాన్నకి జబ్బు చేసి నేను బడి మానేసినప్పుడు నాకు పదిహేడేళ్ళు. చేపల ఫ్యాక్టరీలో చేరే ముందురోజు నా ట్రాంబోన్ బూర బడికి తిరిగిచ్చేశాను. అది బడిది, నాది కాదు. అయితే ఆ బడి బ్యాండులో నలభైమంది ఆడపిల్లల్ని రోజూ పొద్దున్నే తాళం చూపిస్తూ నడిపించింది మాత్రం నేనే. ఆ సంగతి గిజున్‌తో ఒకసారి చెప్పాను. "ఓహో, మాస్ట్రో గారూ, కాస్త ఆ ఉప్పందుకోండి," అన్నాడు. చెడ్డవాడు కాదు. నవ్వించాననుకున్నాడు.

ఆ వసంతంలో మాకు దొరికిన సీరియల్ ఒక ఆర్కెస్ట్రా గురించి. మూతపడబోతున్న ఊరి ఆర్కెస్ట్రా, దాన్ని నిలబెట్టడానికొచ్చిన ముక్కోపి మాస్ట్రో, అంటే ఎదురుగా నిలబడి చేత్తో తాళం చూపిస్తూ అందర్నీ నడిపించేవాడు. గున్‌సాన్ ఊళ్ళో ఒక హాలు అద్దెకు తీసుకుని తీస్తున్నారు. మాస్ట్రో వేషం కూక్ తేహాది. ఎదురుగా కూర్చునే అరవైమంది జూనియర్ ఆర్టిస్టులు. నిజానికి వాళ్ళందరూ వాయించడం వచ్చినవాళ్ళే, పిల్లలకి పాఠాలు చెప్పుకుని బతికేవాళ్ళు. కానీ వాళ్ళ వాయింపు ఎవరికీ అక్కర్లేదు. సంగీతం ముందే వేరేచోట రికార్డయిపోయింది, స్పీకర్లలోంచి వస్తుంది. చప్పుడు రాకుండా వీళ్ళ వయొలిన్ కమాన్లకి సబ్బు రాస్తారు. వాయిస్తున్నట్టు ఉండాలి, వినపడకూడదు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు వాళ్ళు చుట్టాల్లా అనిపించారు.

ఆవేళ పొద్దున స్క్రిప్టు కాగితాలు షూటింగు మొదలవడానికి గంట ముందు వచ్చాయి. అది మామూలే. ఈసారి పాట కూడా మారిపోయింది. తేహాకి చెయ్యి ఊపడం నేర్పే మాస్టారు ఆరోజు రాలేదు. పాపం తేహా వ్యానులో కూర్చుని, ఫోనులో ఎవరిదో వీడియో చూసి నేర్చుకున్నాడు. నేను బార్లీ టీ పట్టుకెళ్ళేసరికి పదో టేక్ నడుస్తోంది.

"ఏదో తేడాగా ఉంది," అని దర్శకుడు అరుస్తున్నాడు. "ఏంటో తెలీదుగానీ తేడాగా ఉంది. మళ్ళీ!"

నాకు తెలిసింది. చూసిన వెంటనే తెలిసింది. నాలుగు దెబ్బల తాళంలో కుడిచేత్తో మొదటిది కిందికి, రెండోది లోపలికి, గుండె వైపు, మూడోది బయటికి, లోకం వైపు, నాలుగోది ఆకాశానికి. బడిలో మా బ్యాండు టీచరు అలా నేర్పారు. తేహా రెండోది లోకం వైపు విసిరి, మూడోది గుండెకి తెచ్చుకుంటున్నాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి నేర్చుకుంటే అద్దంలోలాగా అంతా తిరగబడుతుంది. కొత్తగా చేరిన పిల్లలు అందరూ చేసే తప్పే. అందుకే నేను వాళ్ళకి వీపు పెట్టి నిలబడి నేర్పేదాన్ని. వయొలిన్ల వరసలో మూతులు బిగబట్టి నవ్వాపుకుంటున్నారు. వాళ్ళకీ తెలుసు. ఎవరూ నోరు విప్పడం లేదు.

భోజనాల వేళ తేహా పళ్ళెం పట్టుకుని నా ముందుకొచ్చాడు. చెంచాతో గాలిలో అదే తప్పు గీస్తున్నాడు. వెనకాల దర్శకుడు. నా పక్కన అత్తగారు. నా గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. చెప్పాక తప్పయితే? "వంటవాళ్ళకి నోరెక్కువ" అని బండి మార్పించేస్తే? ఈ సీరియల్ పోతే వేసవి దాకా మాకు పని లేదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. బడి మానేశాక ఏమీ అవకుండానే ఆరేళ్ళు గడిచాయి కదా అనిపించింది.

"రెండోది అటు కాదండీ, లోపలికి," అన్నాను.

అత్తగారి మోచెయ్యి నా డొక్కలో దిగింది. "దానికేం తెలీదు బాబూ, ఇంకాస్త మాంసం వేసుకోండి."

దర్శకుడు నవ్వాడు. "ఏంటి, ఈ బండిలో సూపుతోబాటు సంగీతం కూడా వడ్డిస్తారా?"

వరసలో అందరూ నవ్వారు. వీపు మీద బోమ్ కదిలింది. నేను గరిటె కింద పెట్టి, చెయ్యి ఎత్తి నాలుగు దెబ్బలూ చూపించాను. "మీరు అద్దంలో చూసినట్టు నేర్చుకున్నారు. వీడియో ఆయన మీకు ఎదురుగా ఉన్నాడు కదండీ."

తేహా చెంచా ఆగిపోయింది. వరస వెనకనుంచి, మొదటి వయొలిన్ కుర్చీలో కూర్చునే పెద్దావిడ గొంతు వినిపించింది. "ఆ అమ్మాయి చెప్పింది నిజం. పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాం."

"మరి చెప్పరేం?" అని దర్శకుడు గయ్యిమన్నాడు.

"కమాన్లకి సబ్బు రాసి కూర్చోబెట్టారు. మా నోటికీ రాశారనుకున్నాం," అందావిడ.

ఆ మధ్యాహ్నం నన్ను కెమెరా పక్కన నిలబెట్టారు. తేహా నన్ను చూసి చేస్తాడు కాబట్టి, నేను ఎడమచేత్తో తిరగేసి చూపించాను. రెండు టేకుల్లో అయిపోయింది. అతను నాకు నడుం వంచి దణ్ణం పెట్టి, వ్యానులోకి పోయి పడుకున్నాడు. ఇక మిగిలింది వాయించేవాళ్ళ మొహాలు తియ్యడం. వాళ్ళ చూపులన్నీ ఒకచోట నిలవాలని మాస్ట్రో దిమ్మె మీద ఎవరినో ఒకరిని నిలబెడతారు. సహాయ దర్శకురాలు నావైపు చూసి, "మీరే ఎక్కండి. పేరేంటి? రాసుకోవాలి," అంది.

తలుపు దగ్గర్నుంచి అత్తగారు "బోమ్ వాళ్ళమ్మ" అని అందించారు.

"ఓక్ దాసోమ్," అన్నాను.

ఎప్రన్‌తోనే ఎక్కాను. బోమ్ వీపు మీదే నిద్రపోతోంది. చేతిలో తాళం చూపించే తెల్ల పుల్ల. అరవై జతల కళ్ళు నా వైపు లేచాయి. మొదటి దెబ్బ వేశాక నా భయాలు ఎక్కడికి పోయాయో తెలీదు. బోమ్ నుదురు తడమాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. నేను కుడివైపు చూస్తే సెల్లోల కమాన్లు లేచాయి, ఎడమకి చూస్తే వయొలిన్లవి. పెద్దావిడ నన్నూ, నా భుజం మీద వాలిన బోమ్ తలనీ చూసి నవ్వింది. ఆ నవ్వు వరసలు దాటుకుంటూ వెనక బూరల దాకా పోయింది. చివరి స్వరం దగ్గర స్పీకరు ఆగిపోయింది. నేను ఆగలేదు. ఆ స్వరం అంత పొట్టిది కాదని నాకు అనిపించింది. చెయ్యి గాలిలోనే ఉంచాను. చప్పుడు లేని హాల్లో అరవైమంది స్పీకరుని వదిలేసి నాకోసం ఆగారు. నా పిడికిలి మూసుకున్నాకే కమాన్లు దిగాయి.

మూడు వారాల తర్వాత ఆదివారం, పునఃప్రసారంలో ఆ భాగం వచ్చింది. ముగ్గురం కిందే కూర్చుని చిక్కుడు గింజల తొక్క తీస్తున్నాం. తేహా కనిపించాడు, రెండో దెబ్బ గుండెకే వెళ్ళింది. చివర పేర్లు కూడా వచ్చాయి. నా పేరు లేదు. గిజున్ అన్నీ చూసి, "ఇంత హడావిడి చేశావు, ఎక్కడున్నావే నువ్వు? నీ వేలైనా కనపళ్ళేదు," అన్నాడు. అని, తనే మళ్ళీ ఆ సీను వెనక్కి తిప్పి పెట్టాడు. తెర నిండా మొహాలు. కళ్ళలో వెలుగు, పెదాల మీద ఆ నవ్వు.

అత్తగారు చేతిలో గింజ ఆపి, "ఎలా చూస్తున్నారో చూడరా," అన్నారు. "ఎంత గౌరవం! తేహా అంటే ప్రాణం పెట్టేస్తారనుకుంటా."

"తేహా అప్పుడు వ్యానులో నిద్రపోతున్నాడు అత్తయ్యా," అన్నాను. "వాళ్ళు చూస్తున్నది నన్ను."