వెయ్యని పైపు

ఇనుమంటే శాంభవికి ఒళ్లుమంట. విమానానికి కట్టిన పరికరం నేల లోతుల్లో ఉన్న రాళ్ల అయస్కాంత బలాన్ని కొలుచుకుంటూ వస్తుంటే, మధ్యలో రేకుల గోడౌన్లు, రైలు పట్టాలు, కరెంటు టవర్లు దూరి లెక్కంతా పాడుచేస్తాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి మ్యాపులోంచి తీసెయ్యడమే ఆమె ఉద్యోగం. బియ్యంలో రాళ్లు ఏరినట్టే. పామర్రు దగ్గర మ్యాపులో పడ్డ ఒక పొడుగాటి గీతను కూడా పైపుదనుకుని అలాగే తీసేసింది. అడుగున రాయిలో పగులున్నా అలాంటి గీతే పడుతుంది. పైపుకి మరీ ఇంత వెడల్పేమిటా అని అనుమానం రాకపోలేదు. కానీ మంచినీళ్ల ఇనప పైపు సరిగ్గా అక్కడే వేసినట్టు రికార్డులో ఉంది. మన ఆఫీసుల్లో అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? గీత పోయింది. అడుగున రాయిలో పగుళ్లేవీ లేవని రిపోర్టు వెళ్లింది. దాన్ని నమ్ముకుని అక్కడ ఆరంతస్తుల ఆసుపత్రికి పునాదులు తవ్వడం మొదలుపెట్టారు.

ఆమధ్య పనిమీద ఆ ఊరు వెళ్లింది. ఎండలో బిందెలు వరసపెట్టుకుని ఆడవాళ్లు ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నారు. పైపు ఉండగా ఈ అవస్థేమిటని ముందు నిలబడ్డ మణెమ్మ అనే ఆవిడను అడిగింది.

“పైపెక్కడిదండీ? కొలతలు తీసుకెళ్లారు. మళ్లీ ఎవరూ ఈ వంక చూళ్లేదు,” అంది మణెమ్మ.

శాంభవికి చెరిపేసిన గీత గుర్తొచ్చింది. పైపే లేకపోతే తను చెరిపింది భూమిలోని పగులునేమో! దాని మీద రేపు రోగులు పడుకుంటారు. తిరిగొచ్చి పాత రికార్డు మళ్లీ తీసి, ఈసారి కింద సంతకం కూడా చూసింది. పైపు వేశారని సంతకం చేసిన ఇంజనీరు శ్రీరామచంద్రమూర్తి. ఆమె తండ్రి.

భవానీపురంలో ఇంటికెళ్లేసరికి ఆయన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. లంచమంటే ఎరగని మనిషని నలుగురూ అంటుంటే పొంగిపోతూ పెరిగింది శాంభవి. అడగడానికి నోరు రాలేదు, అయినా అడిగింది. పైపు ఉందన్నారు మొదట. ఊళ్లోవాళ్లకేం తెలుసని విసుక్కున్నారు. ఆసుపత్రి సంగతి చెప్పాక చేతిలో కాయ పళ్లెంలో పెట్టేశారు.

“మార్చి నెలాఖరు. బిల్లు పెట్టకపోతే నిధులు వెనక్కి పోతాయన్నారు. ఏప్రిల్‌లో పైపు వేసేస్తామని కాంట్రాక్టరు మాటిచ్చాడు. సంతకం పెట్టేశాను,” అన్నారు చివరికి.

“గీత మళ్లీ పెట్టాలంటే అక్కడ పైపు లేదని రాయాలి నాన్నగారూ. రాస్తే నా తప్పు ఎలాగూ బయటపడుతుంది. మిమ్మల్నీ వదలరు.”

“అది పగులేనని గ్యారంటీయా?”

“కాదు. తవ్వి చూస్తేగానీ తెలీదు.”

“మరి తెలీనప్పుడు...” అని ఆయన ఆగిపోయారు.

ఆ ఆగిపోవడానికే శాంభవికి ఒళ్లు మండింది, అంతలోనే జాలీ వేసింది. గదిలోకి వెళ్లి ఆసుపత్రి పని ఆపించమని, అక్కడ పైపు లేదని, గీత తీసేసింది తనేనని ఆఫీసుకి రాసి పంపేసింది.

రాత్రి ఇద్దరూ భోజనాలకి కూర్చున్నారు. మజ్జిగ పోస్తుంటే ఆయన తలెత్తకుండా పంపావా అని అడిగారు. పంపానంది.

“రేపు నా తెల్ల చొక్కా ఇస్త్రీకి వెయ్యమ్మా. విచారణకి పిలుస్తారుగా,” అన్నారు.

శాంభవి తన కంచం పక్కకి జరిపేసింది. ఆయన మాత్రం మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నారు.