ఆర్చీ అరచేతిలో పచ్చపిచుక

ఎఫీ గెడ్డిస్‌కు ముక్కుమీదే కోపమని ఆ వీధిలో అందరూ అనేవారు. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టే ఉద్యోగం ఆమెది. వీధివాళ్లలో చాలామంది ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కారు నడిపి, ఫెయిలై, మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చినవాళ్లే. కాబట్టి వాళ్ల మాటను పూర్తిగా నమ్మడానికి లేదు. కానీ ఆ చలికాలం ఆమెకు వచ్చిన కోపం మాత్రం నిజమైనది. జనవరిలో మొదలైన ఆ కోపం మంచు కరిగిపోయాక కూడా చల్లారలేదు.

స్కాట్లండ్‌లో డండీకి ఉత్తరాన, కొండల కింద ఉన్న ఊరు అది. ఆ రోజుల్లో పొద్దు చాలా ఆలస్యంగా పొడుస్తుంది. ఎఫీ వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఓట్స్ జావ తాగుతూ పెరట్లోకి చూస్తోంది. రాత్రి కురిసిన మంచు కంచె మీద మందంగా పేరుకుంది. రోవన్ చెట్టు కొమ్మలకు ఆమె వేలాడదీసిన గింజల గొట్టాల చుట్టూ పిట్టలు మూగి తోసుకుంటున్నాయి. ఆ తోపులాటలో ఒక పచ్చపిచుక మాత్రం కదలడం లేదు. రెక్కల అంచున పసుపు గీతతో, లావుపాటి ముక్కుతో మామూలుగా అది అందరికంటే పెద్ద రౌడీ పిట్ట. ఈరోజు మిగతావి నెత్తిమీద తొక్కి పోతున్నా ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. ఒక గింజ అందుకుంది, నోట్లో దొర్లించింది, మింగలేక వదిలేసింది. మూతి చుట్టూ ఈకలు తడిసి అట్టగట్టి ఉన్నాయి.

ఎఫీ గిన్నె కింద పెట్టేసింది.

"లాక్లన్, ఇటు రా. త్వరగా."

ఆమె భర్త లాక్లన్ బస్సు డిపోలో మెకానిక్. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో వచ్చి చూశాడు.

"చలికి ముడుచుకుంది, అంతేగా?"

"చలి కాదు. గొంతు వాచిపోయింది దానికి. మా మేనత్త తోటలో ఇలాగే మొదలైంది. ఒకటి తిని కక్కిన గింజ ఇంకొకటి తింటుంది, దానికీ అంటుకుంటుంది. ఆ చలికాలం వెళ్లేసరికి అక్కడ పచ్చపిచుకన్నది మిగల్లేదు."

ఆ జబ్బుకు చేయగలిగింది ఒక్కటే. తిండి పెట్టడం ఆపేయాలి. పిట్టలు ఒకచోట గుమిగూడకుండా చెదిరిపోవాలి. ఎఫీ ఆ పొద్దునే గొట్టాలన్నీ దించి, బ్లీచు కలిపిన నీళ్లలో తోమి, షెడ్డులో పెట్టి తాళం వేసింది. వెనక్కి తిరిగి చూస్తే పిట్టలన్నీ కంచెమీద వరసగా కూర్చుని ఆమె చేతులవంకే చూస్తున్నాయి. రాబిన్ పిట్ట ఒకటి మరీ తెగించి కిటికీ గట్టుమీదికి వచ్చింది. ఎఫీ కర్టెన్ లాగేసింది. ఏడుపు రాకుండా ఉండాలంటే ఆమెకు తెలిసిన ఉపాయం ఒకటే, ఎవరిమీదైనా కోపం తెచ్చుకోవడం. దానికి ఎక్కువసేపు వెతుక్కోవలసిన పని పడలేదు. ఆకలేసిన పిట్టలన్నీ కంచె దాటి నేరుగా పక్కింటి ఆర్చీ రెన్నీ పెరట్లో వాలాయి.

ఆర్చీ ఒకప్పుడు ఊళ్లో మాంసం కొట్టు నడిపేవాడు. కొట్టు మూసేశాక ఒంటరి ఇంట్లో పిట్టలే అతనికి లోకమయ్యాయి. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, ఎవరింట్లో పైపు పగిలినా ముందు పరిగెత్తే మనిషి. అతని పెరడు తిరనాళ్లలా ఉండేది. గొట్టాలు, బల్లలు, కొవ్వు ముద్దలు వేలాడే తీగ బుట్టలు, వాటి మధ్య ఒక చిన్న కెమెరా. నేలమీద మాత్రం శరదృతువు నుంచి పడిన పొట్టు, రెట్టలు, నానిన గింజలు కలిసి నల్లగా అట్టకట్టాయి.

ఎఫీ వెళ్లి అతని వెనక తలుపు బాదింది.

"ఆర్చీ, నీ గొట్టాలన్నీ దించెయ్."

"ఏంటి ఎఫీ, పొద్దున్నే దోపిడీకి వచ్చావా? లోపలికి రా, టీ పెడతాను."

"టీ వద్దు. పిట్టలకు జబ్బు పట్టుకుంది. గొంతు జబ్బు. ఒకదాని ఎంగిలి ఇంకొకటి తిని చస్తాయి. అన్నీ దించి, కడిగి, కొన్ని వారాలపాటు ఏమీ పెట్టకు."

ఆర్చీ నవ్వు కొంచెం తగ్గింది. "బయట మంచు చూశావా? ఇప్పుడు తిండి తీసేస్తే ఆకలికి చస్తాయి. నీకు మనసొప్పుతుందేమో, నాకొప్పదు."

"ఆకలేస్తే పొలాల్లోకి పోయి వెతుక్కుంటాయి. ఇక్కడ చేరితే అన్నీ పోతాయి. ఒకసారి ఈ గొట్టం చూడు, ఎన్నాళ్లయింది కడిగి? నీ కొట్టు ఇలా ఉంచితే మూయించి ఉండేవాళ్లు!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆర్చీ మొహం ఎర్రబడింది.

"నా కొట్టు గురించి ఎవరూ ఒక్క మాట అన్లేదు ఇంతవరకూ. నీ తోట ఖాళీ అయింది, అది నీకు మండుతోంది. నాదీ ఖాళీ చేయించాలని వచ్చావు. వెళ్లు ఎఫీ."

ఆమె వచ్చేసింది. మూడో రోజు వీధివాళ్ల ఫోను గ్రూపులో ఆర్చీ ఒక వీడియో పెట్టాడు. అతని అరచేతిలో ఒక పచ్చపిచుక కూర్చుని ఉంది. కళ్లు సగం మూసుకుని, ఉన్ని బంతిలా ఉబ్బి, అతను బొటనవేలితో వీపు నిమురుతుంటే కదలకుండా ఉంది. 'నేనంటే భయం పోయింది దీనికి. మచ్చికైపోయింది' అని కింద రాశాడు. గ్రూపంతా మురిసిపోయింది. ఆర్చీ మంచితనం పిట్టలకు కూడా తెలిసిపోయిందని మోరాగ్ క్రైటన్ రాసింది. ఆదివారం సూపు పెడుతున్నాను, పిల్లల్ని తీసుకురండి, పిట్టను చేతిలో పట్టుకుని చూడొచ్చు అని ఆర్చీ అందరినీ పిలిచాడు.

ఎఫీ వెంటనే రాసింది: 'అది మచ్చికైన పిట్ట కాదు. చావబోతున్న పిట్ట. ఎగరలేక కూర్చుంది.'

మోరాగ్ జవాబిచ్చింది: 'కొందరికి ఎవరు సంతోషంగా ఉన్నా గిట్టదు.' ఆ కిందే ఇంకెవరో: 'పాపం, పిట్టను కూడా ఫెయిల్ చేసేసింది!'

అది చదివి లాక్లన్‌కు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు.

"నవ్వు. బాగా నవ్వు," అంది ఎఫీ. "నువ్వు కూడా పోయి వాళ్లతో సూపు తాగు."

ఆ వారమంతా ఆమె పెరట్లో పొదల కింద వెతికింది. చేతులకు గ్లోవ్స్ తొడుక్కుని, దొరికిన ప్రతి చచ్చిన పిచుకనూ ఐస్‌క్రీం డబ్బాలో వేసి షెడ్డులో పెట్టింది. ప్రతిసారీ వంగి లేచేటప్పుడు ఆర్చీకి చెప్పబోయే మాటలు పళ్ల మధ్య నూరుకునేది.

ఆదివారం మధ్యాహ్నం ఆర్చీ పెరట్లో జనం చేరారు. బల్లమీద పెద్ద గిన్నెలో పొగలు కక్కే సూపు, మాంసం కూరిన పేస్ట్రీలు. మధ్యలో మోరాగ్ కూతురు ఐల్సా, ఎర్ర ఉన్ని గ్లోవ్స్ మీద పచ్చపిచుకను పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. పిల్లలంతా చుట్టూ మూగి, మా వంతెప్పుడని గుసగుసలాడుతున్నారు. వీడియోలో ఉన్న పిట్ట అప్పటికే కనబడకుండా పోయింది. ఇది ఇంకొకటి. 'రెండోది కూడా మచ్చికైంది' అని ఆర్చీ అందరికీ చెబుతున్నాడు.

ఎఫీ నేరుగా వచ్చి సూపు గిన్నె పక్కన డబ్బా పెట్టి మూత తీసింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

"ఇవి నీ స్నేహితులు, ఆర్చీ," అంది ఎఫీ. "నీ చేతిలోంచి లేచి వచ్చి నా పొదల్లో చచ్చినవి. చూపించు అందరికీ. వీడియో తియ్యి."

"నీకు మతి పోయిందా! పిల్లలున్నారు!" మోరాగ్ అరిచింది.

"పిల్లల్ని పిలిచింది నేను కాదు."

అప్పుడు ఐల్సా తలెత్తి అడిగింది. "ఇది కూడా చచ్చిపోతుందా?"

అందరూ ఎఫీవంక చూశారు. ఏదో ఒక మెత్తని అబద్ధం చెప్పడానికి ఆమెకు చాలినంత సమయం ఉంది. 'లేదమ్మా, దానికి నిద్రొస్తోంది' అంటే సరిపోయేది. వారంపాటు పళ్ల మధ్య నూరిన కోపం ఆ మాట రానివ్వలేదు.

"అవును," అంది.

పిల్ల పెద్దగా ఏడవలేదు. పెదవి మాత్రం వణికింది. ఆర్చీ గబగబా వచ్చి ఆమె చేతుల్లోంచి పిట్టను తీసుకున్నాడు. ఎఫీకి ఏదో సమాధానం చెప్పబోతూ, అలవాటుగా దాని గొంతు కింద బొటనవేలు పెట్టాడు. జన్మంతా కోళ్లూ బాతులూ పట్టిచూసిన చెయ్యి అది. వేలికి వాపు తగిలి అక్కడే ఆగిపోయింది. ఇంకోసారి మెల్లగా నొక్కి చూశాడు. ఆ ఎర్రటి పెద్ద మొహంలో రంగు దిగిపోవడం ఎఫీ చూసింది. గెలిచాననిపించాల్సిన ఆ క్షణంలో ఆమెకు ఇంకా ఎక్కువ కోపమే వచ్చింది. ఇంత చేస్తేగాని ఒక్క వేలు కదల్లేదా ఇతనికి!

ఆర్చీ పిట్టను తన టోపీలో పెట్టి, టోపీని జాగ్రత్తగా మెట్టుమీద ఉంచాడు. తర్వాత చెట్టు దగ్గరకు వెళ్లి గొట్టాలన్నీ ఒక్కొక్కటే పీకి నేలకేసి కొట్టాడు.

"చాలా? తృప్తిగా ఉందా ఇప్పుడు? వెళ్లండి, అందరూ వెళ్లండి!"

ఆ తర్వాత గడ్డకట్టే చలి పడింది. వీధిలో ఎక్కడా పిట్టలకు గింజ లేదు. ఎదురుపడితే మోరాగ్ రోడ్డు దాటి అవతలికి పోయేది. పిల్లను ఏడిపించిన మనిషిగా ఎఫీ పేరు బేకరీ దాకా పాకింది.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నాడు లాక్లన్ ఒకరోజు మెల్లగా. "చెప్పిన తీరే..."

"తీరు గురించి నాకు చెప్పకు! తలుపు తట్టి చెప్పానే, అప్పుడు ఎవరు విన్నారు? గ్రూపులో రాశానే, ఎవరు విన్నారు? తీరుగా చెప్పినప్పుడు నవ్వినవాళ్లే, తీరు బాలేదని ఇప్పుడు నాకు చెప్పేది!"

ఎఫీకి ఐల్సా పెదవి గుర్తొచ్చింది. మళ్లీ అలాంటి రోజే వస్తే మళ్లీ 'అవును' అనే అంటానని ఆమెకు తెలుసు. అది తెలిసి ఉండడం హాయిగా లేదు.

ఫిబ్రవరి చివర్లో మంచు వదులైంది. ఎఫీ బంగాళాదుంపలు చెక్కు తీస్తుండగా ఫోను మోగింది. ఆర్చీ కొత్త వీడియో. మోచేతులదాకా గ్లోవ్స్ తొడుక్కుని, బకెట్టు ముందు కూర్చుని గొట్టాలు తోముతూ మాట్లాడుతున్నాడు. 'మిత్రులారా, ఉబ్బిపోయి కదలకుండా కూర్చున్న పిట్ట కనబడితే మచ్చికైందనుకోకండి. చావబోతుందన్నమాట. ఒకదాని ఎంగిలి ఇంకొకటి తిని చస్తాయి...' ఊరు ఊరంతా పొగిడేస్తోంది. ఎంత వివరంగా చెప్పావు ఆర్చీ అని, నీలాంటివాళ్లు ఉండబట్టే అని. ఎఫీ పేరు ఎక్కడా లేదు.

ఆమె కత్తిని బల్లమీద కొట్టింది.

"నా మాటలు! ఒక్కొక్కటీ నా మాటలే! దొంగ!"

"గొట్టాలు కడిగాడుగా?" అన్నాడు లాక్లన్ పేపరు వెనకనుంచి.

"కడిగాడు! నా నోట్లోంచి లాక్కుని కడిగాడు!"

"నీ పేరు లేదని పిట్టలు తినకుండా పోతాయా?"

ఆమె వీడియో మళ్లీ మొదటినుంచి చూసింది. ఈసారి చివర్లో ఒకటి కనబడింది. కడిగిన గొట్టంలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, అందులోనే కొత్త గింజలు పోసేస్తున్నాడు. తడి గింజలు రెండ్రోజుల్లో బూజు పడతాయి. ఎఫీ కోటు తగిలించుకుని బయటికి నడిచింది.

మోరాగ్ తన వాకిట్లో పాత టూత్‌బ్రష్షుతో గింజల గొట్టం తోముతోంది. ఐల్సా చెంబుతో నీళ్లు పోస్తోంది. మోరాగ్ తలెత్తలేదు, కానీ ఎఫీ దాటిపోతుండగా, "బ్లీచు ఎంత పొయ్యాలి?" అని బకెట్టునే అడిగినట్టు అడిగింది.

మీ ఆర్చీనే అడుగు అనబోయింది ఎఫీ. ఐల్సా ఆమెవంకే చూస్తోంది.

"కొంచెమే. పలచగా," అంది. "తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. వాసన ఉండకూడదు."

ఆర్చీ తలుపు తీసి, ఆమెను చూసి, తిట్లకు సిద్ధపడ్డవాడిలా నిలబడ్డాడు.

"తడి ఆరకుండా గింజలు పోశావు. బూజు పడుతుంది."

"ఆరబెట్టాలని నువ్వు చెప్పలేదుగా."

"చెప్పడానికి ఉండనిచ్చావా? తరిమేశావు." ఆమె లోపలికి నడిచింది. "ఇంకొకటి. అవి ఎవరి మాటలో చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

ఆర్చీ తల గోక్కున్నాడు. "నీ పేరు చెబితే సగం మంది చూడటం మానేస్తారు, ఎఫీ. నిజం చెప్తున్నా. నువ్వంటే వాళ్లకు భయం."

అది నిజమేనని ఆమెకు తెలుసు. అతను క్షమాపణ చెప్పి ఉంటే తిట్టడానికి వీలుండేది. నిజం చెప్పాడు కాబట్టి తిట్టడానికి కూడా లేకుండా పోయింది. అంతకంటే కోపం తెప్పించే సంగతి ఆమెకు ఆ చలికాలమంతా ఇంకోటి తగల్లేదు.

గొట్టాల్లోని తడి గింజలన్నీ చెత్తబుట్టలో కుమ్మరించి, స్టవ్ కమ్మీకి వేలాడుతున్న తువ్వాలు లాక్కుని తుడవడం మొదలుపెట్టింది. ఆర్చీ ఒక్క నిమిషం చూసి బల్లమీదున్న ఫోను వైపు చెయ్యి చాచాడు.

"అది ఎత్తావంటే బకెట్లో వేస్తాను."

అతను ఫోను బోర్లా పెట్టి ఇంకో తువ్వాలు తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని సాయంత్రం దాకా తుడిచారు.

ఆ వసంతంలో ఆ వీధికి పచ్చపిచుకలు రాలేదు. ఎండాకాలమూ రాలేదు. ఆకులు రాలే రోజుల్లో ఎక్కణ్ణుంచో ఒక జంట వచ్చింది. ఎఫీ వంటింటి కిటికీలోంచి ఊపిరి బిగబట్టి చూసింది. రెండూ రోవన్ చెట్టు మీద ఒక్క క్షణం ఆగి, కంచె దాటి ఆర్చీ పెరట్లో వాలాయి.

"అక్కడికే పోవాలా మీరు!" అని ఆమె చేతిలోని గిన్నెను ఠంగుమని సింకులో పడేసింది.